తడిపిన కోర్టు

బీరయ్యకు కోపం రాదని మూసీ కినారా క్లబ్బులో అందరూ మెచ్చుకునేవారు. రాదు మరి. కోపం తెచ్చుకోవడానికి కూడా మనిషికి కొంచెం హోదా ఉండాలి. అఫ్జల్‌గంజ్‌లో వంతెన దిగి, నది గోడ వెంట కొంత దూరం నడిస్తే వచ్చే ఆ క్లబ్బులో ఆయన మార్కర్. మార్కర్ అంటే, టెన్నిస్ ఆడడానికి వచ్చిన మెంబరుకు జోడీ దొరకనప్పుడు నెట్టుకు అవతల నిలబడి ఆడేవాడు. వాళ్ల పిల్లలకు బ్యాటు పట్టుకోవడం నేర్పేవాడు. ఆట లేని వేళల్లో కోర్టు చిమ్మి, తడిపి, రోలర్ లాగి, సున్నంతో గీతలు గీసేవాడు.

మార్కర్ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని ఓడిపోవడం. మెంబరుతో ఆడి గెలిస్తే మర్రోజు ఆ మెంబరు రాడు. ఊరికే ఓడిపోతే అవమానం చేసినట్టు. చివరిదాకా బిగించి ఆడి, ఎదుటివాడు చెమటోడ్చిన తర్వాత, బంతి ఒక్కటి నెట్టుకు తగిలేలా కొట్టి, "అరెరె, ఏం కొట్టిన్రు సార్!" అని తల విదిలించాలి. ఈ విద్యలో బీరయ్యను మించినవాడు జంటనగరాల్లో లేడు. అంతమంది చేతిలో అంత అందంగా ఓడిపోయిన మనిషికి గెలుపంటే ఏమిటో గుర్తుందా అని మీరు అడగొచ్చు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

అయితే ఆయన చేతిలో ఒక ఆట ఉండేది. అది ఎవరికీ లొంగనిది. బంతిని గట్టిగా కొట్టేవాడు కాదు. బ్యాటును బంతి కిందుగా నిమిరినట్టు పోనిచ్చేవాడు. బంతి నెట్టు మీద నుంచి జారి అవతల రెండుసార్లు ఎగిరేలోపు ఎదుటివాడు పరుగెత్తి రావడం కష్టం. "బీరయ్య చేతిల మక్ఖన్ ఉందిరా భాయ్" అని పాత మెంబర్లు అనేవారు. చేతిలో వెన్న ఉందన్న ఆ మాట వినడం ఆయనకు జీతంకన్నా ఇష్టం.

ఆ ఆటనంతా ఆయన ఒక్కరికే పూర్తిగా నేర్పాడు. క్లబ్బు సెక్రటరీ విఠల్‌రావు వకీలు కూతురు నళినికి. ఆ పిల్ల బ్యాటు మోయలేని వయసులో వచ్చింది. ఆయన వెనక నిలబడి, మణికట్టు పట్టుకుని, "కొట్టొద్దు నళినమ్మా, పంపాలె. చుట్టాన్ని సాగనంపినట్టు పంపాలె" అంటూ ఏళ్ల తరబడి నేర్పాడు. నళిని తెల్లటి స్కర్టు వేసుకుని కోర్టులో ఆడుతుంటే, అవతల పరుగెత్తేవాళ్లు వేరే అయినా, బీరయ్యకు తానే ఆడుతున్నట్టు ఉండేది. ఆమె ఆయనను చిన్నప్పటి నుంచీ పేరుపెట్టి పిలిచేది. దానిలో ఆయనకు తప్పేమీ కనిపించలేదు.

బీరయ్యకూ ఒక కూతురు ఉంది. రాజమణి. క్లబ్బు వెనక, రోలర్ పెట్టే రేకుల షెడ్డును ఆనుకుని ఉన్న ఒంటిగదిలో పుట్టి పెరిగింది. తల్లి నీలమ్మ పొద్దున్నే బేగంబజార్‌కు పోయి ఒక సేటు గోదాములో చింతపండు పిక్కలు తీసేది. కాబట్టి పిల్ల తండ్రి వెంటే తిరిగేది. వానలు వెలిశాక కోర్టు అలకడం ఆ ఇంటి పెద్ద పని. బేగంబజార్ గొడ్ల కొట్టాల నుంచి తోపుడుబండి మీద పేడ తెచ్చి, జల్లించిన ఎర్రమన్నుతో కలిపి, ఇల్లు అలికినట్టు కోర్టంతా పూత పెట్టాలి. ఆరాక నీళ్లు చిలకరించి రోలర్ లాగాలి. అప్పుడు బంతి నేల మీద పడితే రాయి మీద పడ్డట్టు లేస్తుంది. ఈ పనిలో రాజమణి తండ్రికి సరిజోడు. మోచేతుల దాకా పేడనీళ్లతో, పాదంతో నేల నొక్కి చూసి, "బాపు, గీడ ఇంక పచ్చిగుంది" అని చెప్పేది.

కానీ ఆట వేళల్లో నౌకర్ల పిల్లలు కోర్టులో కాలు పెట్టకూడదని రూలు. ఆ రూలును అందరికన్నా గట్టిగా పాటించినవాడు బీరయ్యే. మధ్యాహ్నం క్లబ్బు నిద్రపోయే వేళ రాజమణి ఎవరో పారేసిన పగిలిన బ్యాటు తీసుకుని స్టోరు గోడకేసి బంతి కొట్టేది. ఆ బ్యాటు మగవాళ్లది, బరువు. ఒక చేత్తో లేచేది కాదు. రెండు చేతులతో పట్టుకుని, గోడ ఎంత జోరుగా తిప్పి పంపితే అంతకన్నా జోరుగా కొట్టేది. కొట్టినప్పుడల్లా గొంతులోంచి "హూఁ" అని ఒక కూత వచ్చేది. బీరయ్య చూసీ చూడనట్టు పోయేవాడు. మెంబర్లెవరైనా విన్నారేమోనని చుట్టూ చూసేవాడు కూడా.

స్కూల్లో డ్రిల్లు చెప్పే సూర్యప్రభ టీచరు లేకపోతే కథ ఆ గోడ దగ్గరే ఆగిపోయేది. దసరా టోర్నమెంటులో ఆడపిల్లల ఆటకు పేర్లు చాలక, క్లబ్బువాళ్లు ఊళ్లోని బడులకు కబురు పంపారు. టీచరు రాజమణి పేరు రాసి పంపింది. విఠల్‌రావు ఆ పేరు చూసి నవ్వి, "మన బీరయ్య బిడ్డనే కదా, ఆడనీ" అన్నాడు. బీరయ్య తల కొట్టేసినట్టు నిలబడ్డాడు.

ఆ ఏడాది ఫైనల్లో నళిని, రాజమణి ఎదురుపడ్డారు. రాజమణి కొట్టిన బంతులు సగం గోడ దాటి మూసీలో పడ్డాయి. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. "ఏం బీరయ్యా, నీ బిడ్డ టెన్నిస్ ఆడుతున్నదా, చాకిరేవు పెట్టిందా?" అని ఒక మెంబరు అరిచాడు. అందరితోపాటు బీరయ్యా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని నవ్వాడో, నిజంగానే నవ్వాడో ఆయనకే తెలియాలి. రాజమణి మాత్రం తండ్రి నవ్వును చూసింది.

మరుసటి ఏడాది ఎవరికీ నవ్వు రాలేదు. బంతులు గీత లోపలే పడుతున్నాయి. నళిని మూడో సెట్టులో కిందా మీదా పడి గెలిచింది. ఆ ఏడాదే పేపర్లో ఒక విదేశీ అమ్మాయి రెండు చేతులతో బ్యాటు పట్టుకుని కొడుతున్న ఫోటో వచ్చింది. ఇక రోజులు మారాయని, సుకుమారం ఆట పని అయిపోయిందని సాయంత్రం టీ దగ్గర మెంబర్లు వాదులాడుకున్నారు. పేపరు చూపిస్తే బీరయ్య, "గది ఆట గాదు సార్, కొట్లాట" అన్నాడు. ఆ మాటకు అందరూ తల ఊపారు. ఇంటికెళ్తే నీలమ్మ నిలదీసింది.

"నీ బిడ్డ గట్ల కొడ్తుంటే బజార్ల హమాలీలు గూడ మెచ్చుకుంటున్నరు. నీ మొఖం మాడిపోతదేంది?"

"ఆడపిల్ల గట్ల కూతలు పెట్టుడేంది? నలుగుర్ల నాకు సిగ్గయితది."

గోడకు అవతల రాజమణి కంచం కడుగుతోంది. ఆమెకు వినిపించింది. వినిపించాలనే అన్నాడు.

మూడో ఏడాది ఫైనలుకు వచ్చిన జనం గోడలెక్కి కూర్చున్నారు. అఫ్జల్‌గంజ్ కొట్లవాళ్లు నళిని జట్టు, బేగంబజార్ హమాలీలు రాజమణి జట్టు. అంతకన్నా పెద్ద సంగతి, ఒక గవర్నమెంటు ఫ్యాక్టరీ నుంచి ఆటల ఆఫీసరు వస్తున్నాడు. ఆడపిల్లల టీము కడుతున్నారట. ఇక్కడ గెలిచిన పిల్లకు టీములో చోటు, దాంతోపాటు పక్కా నౌకరీ. సూర్యప్రభ టీచరు స్వయంగా ఆ రేకుల గదికి వచ్చి ఈ మాట చెప్పింది. నీలమ్మ చింతపండు మరకల చేతులను కొంగుతో తుడుచుకుని, "నా లెక్క పిక్కలు తీసే బతుకు దీనికొద్దు టీచరమ్మా" అంది. ఆ వారమంతా గోడ దగ్గర రాజమణి "హూఁ" ఆగలేదు.

ఫైనలుకు ముందు సాయంత్రం నళిని బీరయ్యతో ఆడడానికి వచ్చింది. కాసేపటికే బ్యాటు కింద పడేసి నెట్టు దగ్గర కూర్చుంది.

"నాకు భయంగా ఉంది బీరయ్యా. రాజమణి బాల్ తలుచుకుంటే నా చెయ్యి నిలవట్లేదు. చూడు." ప్రాక్టీసుకు వాచిన మణికట్టు చాపింది. చిన్నప్పుడు ఆయన పట్టుకుని తిప్పిన మణికట్టే. "నువ్వు నేర్పినవన్నీ చేస్తున్నా. అయినా ఆ జోరుకు చాలవు."

బీరయ్య ఆ బ్యాటు తీసి, తుడిచి ఆమె చేతిలో పెట్టాడు. ఆ రాత్రి ఆయన ఏమనుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. విఠల్‌రావు ఏమైనా అన్నాడా అంటే, ఏమీ అనలేదు. ఏటా అనే మాటే అన్నాడు, "రేపు కోర్టు మంచిగ ఉండాలె" అని. మర్నాడు జరిగిన తప్పులో ఇంకొకరికి వాటా లేదు.

తెల్లవారాక బీరయ్య పైపు పట్టుకున్నాడు. ఫైనల్ రోజు కోర్టుకు నీళ్లు చిలకరిస్తే చాలు, తర్వాత రోలర్ లాగాలి. ఆయన నీళ్లు ఆపాల్సిన చోట ఆపలేదు. మన్ను తాగినంత తాగనిచ్చాడు. రోలర్ జోలికి పోలేదు. గట్టి నేల మీద రాజమణి బంతి దూసుకుపోతుంది. మెత్తటి నేల మీద దాని జోరంతా మట్టిలో కలిసిపోతుంది. నళిని పంపే బంతి మాత్రం పడ్డచోటే చచ్చిపోతుంది. ఎండ ఎక్కువగా ఉంది, ముందే తడిపితే మంచిది అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ తర్వాత బుట్టతో పొడి మొరం మన్ను తెచ్చి, తడి కనిపించకుండా పైన జల్లాడు. దీనికి మాత్రం చెప్పుకోవడానికి ఆయనకు సాకు దొరకలేదు. చేతులు పని చేస్తున్నాయి, కళ్లు ఎవరైనా వస్తారేమోనని గేటు వైపు చూస్తున్నాయి. బతుకంతా ఓడిపోయినా ఏనాడూ దొంగతనం చేయని మనిషి.

సికింద్రాబాద్ నుంచి వచ్చిన అంపైరు కోర్టులో నడుస్తూ ఆగాడు. ఆయన బూటు మడమ నేలలో దిగింది. కిందికి చూసి, ఇద్దరు పిల్లల్నీ పిలిచి, "కోర్టు మెత్తగా ఉంది. మీరు కావాలంటే పక్కనున్న రెండో కోర్టుకు మారుద్దాం. ఏమంటారు?" అని అడిగాడు.

నళిని తండ్రి వైపు చూసింది. రాజమణి కాన్వాస్ బూటు కొసతో పొడి మొరాన్ని పక్కకు తోసింది. కింద నల్లగా తడి. తల ఎత్తి నెట్టు కొయ్య దగ్గర ఉన్న తండ్రిని చూసింది. బీరయ్య చటుక్కున వంగి, బిగించి ఉన్న నెట్టునే మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు.

"గిదే మంచిగుంది సార్," అంది రాజమణి.

పిల్లకు తెలియలేదనుకున్నాడు బీరయ్య. తెలియలేదనే అనుకోవాలి, లేకపోతే ఆ పూట నిలబడలేడు.

ఆ ఆట చూసినవాళ్లు తర్వాత చాన్నాళ్లు చెప్పుకున్నారు. రాజమణి భుజాలు ఊడిపోయేలా కొట్టింది. కొట్టిన ప్రతి బంతీ నేలను తాకి కాళ్లు విరిగినదానిలా ఆగిపోయింది. నళిని దాన్ని తీరిగ్గా అందుకుని నెట్టు పక్కకు జార్చింది. మొదటి సెట్టు పోయింది. రెండో సెట్టులో రాజమణి బంతిని నేల తాకనివ్వడమే మానేసి, ముందుకొచ్చి గాలిలోనే బాది గెలిచింది. హమాలీల అరుపులకు గోడ కదిలింది. మూడో సెట్టు చివరికి వచ్చేసరికి ఆమె కాళ్లకు మట్టి పేరుకుపోయింది. బూట్లు ఈడ్చుకుంటూ పరుగెత్తింది.

ఆఖరి బంతిని నళిని నెట్టు మీద నుంచి మెల్లగా పంపింది. బీరయ్య జీవితంలో అంతకన్నా అందమైన బంతి చూడలేదు. మణికట్టు తిరిగిన తీరు, బ్యాటు బంతి కింద నిమిరిన తీరు, అంతా ఆయనదే. రాజమణి దూకింది, మోకాళ్ల మీద జారి మట్టిలో పడింది. బంతి రెండోసారి నేలను తాకింది.

"శభాష్!" అన్నాడు బీరయ్య.

నోరు జారింది. గట్టిగానే అన్నాడు. మట్టిలో మోకాళ్ల మీద ఉన్న రాజమణి తల తిప్పి చూసింది. ఆ క్షణంలో భూమి చీలితే బీరయ్య సంతోషంగా దిగిపోయేవాడు. భూమి ఏం చీలుతుంది, ఆయన తడిపిన తడికి మెత్తబడి ఉంది అంతే.

రాజమణి లేచి, మట్టి చేతిని గౌనుకు తుడుచుకుని నళినికి చెయ్యిచ్చింది. "మంచిగ ఆడినవ్ నళినక్కా" అంది. ఆఫీసరు నళిని పేరు రాసుకుపోయాడు. విఠల్‌రావు పోతూ పోతూ బీరయ్య భుజం తట్టి, తన బూట్లకంటిన బురద వైపు ఒకసారి చూసి, చిన్నగా నవ్వి, "నువ్వు మన మనిషివి బీరయ్యా" అన్నాడు. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. తాను చేసింది ఇంకో మనిషికి తెలుసని, అది తెలిసి మెచ్చుకున్నాడని ఆయనకు అర్థమైంది.

నళిని ఒక చలికాలం ఆ టీముకు ఆడి, కాలేజీ చదువుకని బొంబాయి పోయి బ్యాటు పక్కన పెట్టేసింది. ఆమెకు ఆ నౌకరీ అక్కర్లేదు. రాజమణి బడి ముగించి బేగంబజార్‌లో ఒక గిన్నెల కొట్టులో గిన్నెలు తోమి మెరుగు పెట్టే పనికి కుదిరింది. ఆ దసరా తర్వాత ఆమె కోర్టు అలకడానికి రాలేదు. తండ్రితో మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది, బాపూ అని పిలుస్తుంది. పేడ కలపడానికి మాత్రం రాలేదు. బీరయ్య పిలవలేదు. పిల్ల పెద్దదయింది, సిగ్గుపడుతోంది అని సర్దిచెప్పుకున్నాడు. సిగ్గు ఎవరిదో ఆయనకు తెలుసు. పొద్దున్నే పైపు పట్టుకుంటే, నీళ్లు ఎక్కువ పడతాయేమోనని మాటిమాటికీ ఆపేవాడు. మెంబర్లతో ఆడుతూ "శభాష్ సార్" అనబోయి మాట మింగేసేవాడు. ఆయన చేతిలో మక్ఖన్ కరిగిపోయిందని పాత మెంబర్లు చెవులు కొరుక్కున్నారు.

సూర్యప్రభ టీచరు మాత్రం రాజమణిని వదల్లేదు. ఆదివారాలు సికింద్రాబాద్‌లో సిమెంటు కోర్టుల మీద ఆడించింది. రెండేళ్ల తర్వాత అదే ఫ్యాక్టరీవాళ్లు ఆ సిమెంటు మీద పిల్లల్ని పిలిచి చూశారు. సిమెంటును ఎవరూ తడపలేరు. రాజమణి బంతికి ఎదురు నిలిచినవాళ్లు లేరు. నౌకరీ కాగితం ఇంటికి వచ్చిన రోజు నీలమ్మ ఏడ్చింది. బీరయ్య కూతురి తల నిమరబోయి, చెయ్యి సగంలో ఆపి, నీళ్లు తాగడానికి లోపలికి పోయాడు.

క్లబ్బువాళ్లు సన్మానం పెట్టారు. ఒకప్పుడు చాకిరేవు అని అరిచిన మెంబరే బంతిపూల దండలు తెప్పించాడు. విఠల్‌రావు మైకు ముందు నిలబడి, "ఈ పిల్ల మన కోర్టు మట్టిలో పుట్టిన ముత్యం. దీని వెనక ఉన్న గురువు ఎవరో మీకందరికీ తెలుసు. కన్నతండ్రే గురువు. బీరయ్యా, ఇట్ల రా" అని పిలిచాడు. బీరయ్య కదల్లేదు. ఇద్దరు పట్టుకొచ్చి నిలబెట్టారు. మెడలో దండ పడింది. చప్పట్లు మోగాయి. నాలుగు మాటలు చెప్పమని మైకు ముందుకు తోశారు. ఆయన నోరు తెరిచాడు, చెప్పేద్దామనే తెరిచాడు. ఎదురుగా ఉన్న ముఖాలు చూసి మూసుకున్నాడు. జనం అది ఆనందంతో మాట రాకపోవడమనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

అందరూ ఫలహారాల వైపు పోగానే ఆయన కోర్టులోకి వచ్చి నెట్టు కొయ్య దగ్గర కూలబడ్డాడు. కాసేపటికి రాజమణి వెతుక్కుంటూ వచ్చింది. ఆయన ఆమె ముఖం చూడలేదు. కాళ్ల వైపు చూస్తూ అన్నాడు.

"బిడ్డా, గా దినం కోర్టు నేనే తడిపిన."

"ఎరుకే బాపు."

"ఎప్పటి సంది?"

"కాలు పెట్టంగనే ఎరుకైంది. చిన్నప్పటి సంది నీతోని అలికిన కోర్టు, నాకు తెల్వదా? పైన మొరం జల్లింది గూడ చూసిన."

"మరి అంపైర్ అడిగినప్పుడు చెప్పకపోతివి."

"గంత మంది ముంగట మా బాపు గిట్ల చేసిండని ఎట్ల చెప్పాలె? నీకు సిగ్గయితది గద." ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆయనకు కొంచెం తేలికయ్యేది. రాజమణే మళ్లీ అడిగింది, "ఎందుకు చేసినవ్ బాపు? నౌకరీ పోతదని భయపడ్డవా?"

అవునని చెప్పడానికి సందు ఉంది. ఆ మాటను ఎవరైనా నమ్ముతారు, జాలి కూడా పడతారు. ఆ ఒక్క పూట బీరయ్య ఆ సందులోకి దూరలేదు.

"నౌకరీ కోసం గాదు. నళినమ్మది నా ఆట. నా చేతుల ఆట. నా కండ్ల ముంగటనే గది ఓడిపోతదంటే ఓర్వలేకపోయిన బిడ్డా. నీ కొట్టుడు నాకు ఆటలెక్క కనబడలే. గా రెండు చేతులు, గా కూత... చూస్తే తలవంపులనిపించేది."

ఫలహారాల దగ్గర ఎవరో రాజమణిని పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆమె పోబోయి, ఆగి, మామూలు గొంతుతోనే అంది.

"నీ ఆట నాకు నేర్పకపోతివి గద బాపు. గోడ నేర్పింది. గోడకు గంతే వచ్చు."

ఆమె వెళ్లిపోయింది. బీరయ్య మెడలో గురువుకు వేసిన దండ అలాగే ఉంది. తీసేద్దామనుకున్నాడు, చేతులు లేవలేదు.